స్ట్రాటా కాగితాలు అడిగి చూడటం ఎలా?

సిడ్నీలో మా ఫ్లాట్ల బిల్డింగ్‌కి స్పెషల్ లెవీ (ఓనర్లు మామూలుగా కట్టేది కాక అదనంగా కట్టాల్సిన వాటా) నోటీసు వచ్చిన సాయంత్రం వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. బేస్‌మెంట్ పార్కింగ్‌లోకి నీళ్లు దిగుతున్నాయట, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలట, మా రెండు బెడ్‌రూముల ఫ్లాటు వాటాకి తొమ్మిది వేల డాలర్ల పైచిలుకు. ఇంటి లోను, చైల్డ్ కేర్ ఫీజు కట్టుకుంటూ ఈదుతున్నవాడికి ఆ అంకె చూశాక నిద్ర పడుతుందా? ఫ్లాట్ల ఓనర్లు కలిసి బిల్డింగ్‌ని చూసుకునే పద్ధతిని ఇక్కడ స్ట్రాటా అంటారు. ఆ వ్యవహారాలు చూసే స్ట్రాటా మేనేజర్‌కి వరసగా మెయిళ్లు కొట్టాను. ఎందుకింత అయింది, ఎవరు ఒప్పుకున్నారు, ఇంకో కాంట్రాక్టర్‌ని అడిగి చూశారా? నాలుగు నెలల్లో ఆరు మెయిళ్లు. వచ్చిన జవాబు ఒక్కటే: కమిటీ నిర్ణయించింది, కమిటీని అడగండి. కమిటీని అడిగితే మేనేజర్‌ని అడగమన్నారు.

ఏడో మెయిల్లో ప్రశ్నేమీ వేయలేదు. స్ట్రాటా చట్టం సెక్షన్ 182 కింద రికార్డులు చూడాలి, ఫీజు ఎలా కట్టాలో చెప్పండి అని మూడు లైన్లు రాశాను. మర్నాడు పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఇచ్చారు.

ప్రశ్నకు జవాబివ్వాలని వాళ్లకి అంత కచ్చితమైన బాధ్యతేమీ లేదు. కాగితం చూపించాల్సిన బాధ్యత మాత్రం చట్టంలోనే ఉంది. ఇది తెలియక మనవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి గొణుక్కుంటూ లెవీలు కడుతున్నారు. సిడ్నీలో వెస్ట్‌మీడ్, పారమటా, వెంట్‌వర్త్‌విల్ చుట్టుపక్కల ఫ్లాట్లు కొన్న తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా న్యూ సౌత్ వేల్స్ చట్టం. మెల్‌బోర్న్‌లోనో బ్రిస్బేన్‌లోనో ఉంటే మీ రాష్ట్రం చట్టం వేరు. పద్ధతి ఇంచుమించు ఇలాగే ఉన్నా గడువులూ ఫీజులూ అక్కడివే చూసుకోవాలి.

ముందు, ఈ ఆస్తి ఎలాంటిదో

ఫ్లాటు మీది. గోడల బయట ఉన్న లిఫ్టు, పైకప్పు, డ్రైవ్‌వే, పైపులు, గార్డెన్ కామన్ ప్రాపర్టీ. ఆ కామన్ ప్రాపర్టీని చూసుకునే సంస్థ ఓనర్స్ కార్పొరేషన్. అందులో ఓనర్లందరూ సభ్యులే. ఎవరూ చేర్చుకోనక్కర్లేదు, ఫ్లాటు కొనగానే మీరు అందులో ఉన్నట్టే. ఓనర్లు ఎన్నుకునేది స్ట్రాటా కమిటీ, గరిష్ఠంగా తొమ్మిది మంది. జీతానికి పెట్టుకునేది స్ట్రాటా మేనేజర్ని. ఈ వరస బుర్రలో పెట్టుకోండి. చాలామంది మేనేజర్‌ని ఇంటి ఓనర్‌లాగా, తమను తాము అద్దెకున్నవాళ్లలాగా చూసుకుని బతిమాలుతూ మాట్లాడతారు. ఆ మేనేజర్ దగ్గర ఉన్న ఫైళ్లు ఓనర్స్ కార్పొరేషన్‌వి, అంటే మీ అందరివీ. ఆయన వాటిని దాచిపెట్టే మనిషి కాడు, భద్రపరిచే మనిషి.

ఫ్లాటును ఇలా విడి టైటిల్‌గా కొనుక్కునే పద్ధతి న్యూ సౌత్ వేల్స్‌లో 1961 నుంచీ ఉంది. ఇప్పుడు నడుస్తున్నది స్ట్రాటా స్కీమ్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్ 2015. అది 2016 నవంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. మన ఊళ్లలో అయితే అసోసియేషన్ ప్రెసిడెంట్ గారింటికెళ్లి కాఫీ తాగుతూ లెక్కల పుస్తకం తిరగేస్తాం. ఆయనకి మనం నచ్చకపోతే కాఫీ ఉంటుంది, పుస్తకం ఉండదు. ఇక్కడ కాఫీ ఉండదు గానీ పుస్తకం ఉండి తీరాలి.

ఎవరు అడగొచ్చు

ఓనర్, ఆ ఫ్లాటు మీద లోను ఇచ్చిన బ్యాంకు, లేదా వీళ్లు రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన ఇంకెవరైనా. ఈ మూడోది మనవాళ్లకు బాగా పనికొస్తుంది. ఫ్లాటు ఆవిడ పేరున ఉండి మెయిళ్లన్నీ ఆయన రాస్తుంటే, 'మీరు ఓనర్ కాదు' అని పక్కన పెట్టేయడం తేలిక. ఆవిడ సంతకంతో రెండు లైన్ల అనుమతి ఉత్తరం జతచేస్తే ఆ అడ్డు ఉండదు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉండి, ఇక్కడ చదువుకుంటున్న పిల్లల కోసం ఫ్లాటు కొన్న ఇళ్లు కూడా నాకు తెలుసు. ఆ తల్లిదండ్రులు అనుమతి రాసిస్తే పిల్లలే వెళ్లి చూడొచ్చు.

కొనబోతున్నవాళ్లకు నేరుగా హక్కు లేదు. అమ్మేవాళ్ల అనుమతితో చూడొచ్చు. కొనే ముందు లాయర్లు తెప్పించే స్ట్రాటా రిపోర్టు ఇలాగే తయారవుతుంది. అద్దెకున్నవాళ్లకూ అంతే, ఓనర్ రాసిస్తేనే.

లెవీ బాకీ ఉంటే? బాకీ ఉన్నవాళ్లకు మీటింగులో ఓటు ఉండదు. రికార్డులు చూడటానికి మాత్రం చట్టం ఆ షరతు పెట్టలేదు. అయినా బాకీ తీర్చేసే అడగండి. లెవీ గడువు దాటి నెలైతే ఏడాదికి పది శాతం వడ్డీ పడుతుంది. పైగా అసలు విషయం వదిలేసి మీ బాకీ గురించి మాట్లాడటానికి వాళ్లకు అవకాశం ఇచ్చినట్టవుతుంది.

డబ్బు కట్టకుండా దొరికేవి ముందు చూడండి

మీ ఇన్‌బాక్స్‌లో మేనేజర్ కంపెనీ పేరు కొట్టి వెతకండి. జనరల్ మీటింగ్ అయిన 14 రోజుల్లో మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో రాసిన కాగితం, ఓనర్లకు పంపాలి. ఏజీఎం (ఏడాదికోసారి జరిగే ఓనర్ల మీటింగు) నోటీసుతో పాటు లెక్కలు, బడ్జెట్, ఇన్సూరెన్స్ వివరాలు వస్తాయి. నలభై పేజీల పీడీఎఫ్ కదా అని మనం తెరవం. నేనూ తెరవలేదు. మా కథలో సగం జవాబులు నా ఇన్‌బాక్స్‌లోనే రెండేళ్లుగా పడి ఉన్నాయని తర్వాత తెలిసి సిగ్గేసింది.

మేనేజర్ కంపెనీకి ఓనర్ల పోర్టల్ ఉంటే లాగిన్ తీసుకోండి. బిల్డింగ్ లాబీలో ఫైర్ సేఫ్టీ స్టేట్‌మెంట్ అందరికీ కనిపించేలా అతికించి ఉండాలి, దాని మీద తేదీ చూడండి. అది ఏటా మారాలి. పాతదే వేలాడుతుంటే అక్కడే ఒక సంగతి దొరికినట్టు. రిజిస్టర్ అయిన బైలాస్ (బిల్డింగ్ నియమాలు), స్ట్రాటా ప్లాన్ కొద్దిపాటి ఫీజుతో ల్యాండ్ రిజిస్ట్రీ సర్వీసెస్ నుంచి ఎవరైనా తెచ్చుకోవచ్చు.

ఏం కావాలో రాసుకోండి

'అన్ని రికార్డులూ కావాలి' అని రాయొద్దు. అడగటం తప్పేం కాదు గానీ, గంటకింత అని ఫీజు పెడతారు కాబట్టి నష్టం మీకే. ఒక సందేహం తీసుకోండి, దానికి సంబంధించిన కాగితాలు వరసగా రాయండి.

చట్టం ప్రకారం చూపించాల్సినవాటిలో ఓనర్ల పేర్లూ వాటాలూ ఉండే స్ట్రాటా రోల్, మీటింగుల మినిట్స్, వచ్చిన పోయిన ఉత్తరాలు, లెక్కలు, చివరి ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లు, అమల్లో ఉన్న ఇన్సూరెన్స్ పాలసీలు, చివరి ప్రీమియం రసీదు, మేనేజర్‌తో ఉన్న ఒప్పందం, డెవలపర్ మొదట అప్పగించిన ప్లాన్లూ సర్టిఫికెట్లూ ఉన్నాయి. వీటి చివర ఒక మాట ఉంది, అదే అన్నిటికన్నా బలమైనది: ఓనర్స్ కార్పొరేషన్ చేతిలోనో అధీనంలోనో ఉన్న మరే రికార్డయినా. ఇంజనీర్ రిపోర్టులు, కొటేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లిఫ్టు కంపెనీ కాంట్రాక్టు అన్నీ దీని కిందికే వస్తాయి. మామూలు కాగితాలు, లెక్కలు ఏడేళ్లపాటు ఉంచాలి. కాబట్టి 'అది పాతది' అన్న మాట మూడేళ్ల కిందటి ఇన్‌వాయిస్‌కి పనికిరాదు.

నా జాబితాలో ఐదే ఉన్నాయి. బేస్‌మెంట్ లీకేజీ గురించి ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టులన్నీ, ఆ పనికి వచ్చిన కొటేషన్లన్నీ, ఆ విషయం చర్చించిన కమిటీ మినిట్స్, రెండేళ్ల లెడ్జర్, బిల్డర్‌తో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు.

ఉత్తరం ఎలా రాయాలి

రాతపూర్వకంగా ఉండాలి, మెయిల్ చాలు. ఓనర్స్ కార్పొరేషన్ సెక్రటరీకి, మేనేజర్‌కి ఇద్దరికీ పంపండి. కోపం చూపించొద్దు, కారణం చెప్పొద్దు. ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పాలన్న నిబంధన లేదు. చెబితే ఆ కారణం మీదే వాదన మొదలవుతుంది. ఇంగ్లీషులో రాస్తారు గనుక దాని సారం మాత్రం ఇలా ఉంటే చాలు:

'నేను ఫలానా స్ట్రాటా ప్లాన్ నంబరులో ఫలానా లాట్ ఓనర్‌ని. స్ట్రాటా స్కీమ్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్ 2015, సెక్షన్ 182 కింద ఈ కింది రికార్డులు చూడటానికి ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాను. నిర్ణీత ఫీజు కట్టడానికి సిద్ధం. ఈ మూడు తేదీల్లో నాకు వీలవుతుంది. ఎలక్ట్రానిక్‌గా పంపగలిగితే అదీ సమ్మతమే.' కింద జాబితా, తేదీ, సంతకం.

స్ట్రాటా ప్లాన్ నంబరు మీ లెవీ నోటీసు మీదే ఉంటుంది, ఎస్పీ అన్న అక్షరాల పక్కన. లాట్ అంటే స్ట్రాటా ప్లాన్‌లో మీ ఫ్లాటు. లాట్ నంబరూ యూనిట్ నంబరూ ఒకటే కావాలని లేదు. మాది యూనిట్ 14, లాట్ 9. మొదటి మెయిల్‌లో నేను తప్పే రాశాను.

గడువు, ఫీజు

ఎక్కడ, ఎప్పుడు చూడాలో ఇద్దరూ మాట్లాడుకుని ఒప్పుకోవచ్చు. మూడు రోజుల్లో కుదరకపోతే ఓనర్స్ కార్పొరేషనే సమయం ఖాయం చేసి మీకు నోటీసు పంపాలి. ఆ తేదీ మీ కోరిక అందిన పది రోజులకు మించకూడదు. అందుకే మెయిల్ పంపిన తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. పది రోజులు దాటాక పంపే రెండో మెయిల్ భాష వేరు.

ఫీజు నిబంధనల్లోనే ఉంటుంది, మేనేజర్ ఇష్టం కాదు. 2016 నిబంధనల్లో మొదటి గంటకు 31 డాలర్లు, తర్వాత ప్రతి అరగంటకు 16 డాలర్లు. మొదటి గంటకు జీఎస్‌టీ కలిపితే 34.10. కట్టే ముందు ఇప్పటి రేటు ఎంతో ఫెయిర్ ట్రేడింగ్ (వినియోగదారుల వ్యవహారాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ శాఖ) వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. దాన్ని మించి 'ఫైలు తీసినందుకు', 'అడ్మిన్ ఛార్జీ' అని బిల్లు వస్తే ఏ నిబంధన కింద అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే నా స్నేహితుడి బిల్లులో 150 డాలర్లు ఎగిరిపోయాయి.

చూసే రోజు

ఇది అసలు పని, తొందరపడొద్దు. ల్యాప్‌టాప్, ఫోను, ఛార్జరు, కాగితం పెన్ను పట్టుకెళ్లండి. కాగితాలను అక్కడి నుంచి వాళ్ల అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు గానీ, నోట్సు రాసుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు. ఫోనుతో ఫొటో తీసుకోవడం కూడా కాపీయే. ఒకరిని తోడు తీసుకెళ్లండి, ఒకరు పేజీలు తిప్పితే ఒకరు ఫొటోలు తీయొచ్చు. గంటకు డబ్బు పడుతోంది కదా. అక్కడ కూర్చుని చదవొద్దు, ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చి చదవండి.

ఎలా చదవాలన్నదాంట్లో నాకు తెలిసిన పద్ధతి ఒకటే: ఒక ఖర్చు పట్టుకుని దాని వెంట చివరిదాకా వెళ్లడం. లెడ్జర్‌లో పెద్ద అంకె ఒకటి ఎంచుకోండి. దాని ఇన్‌వాయిస్ ఏది? ఇన్‌వాయిస్‌లో చెప్పిన పని, కొటేషన్‌లో ఒప్పుకున్న పని ఒకటేనా? ఆ కొటేషన్‌ని ఏ మీటింగులో ఒప్పుకున్నారు, మినిట్స్‌లో ఉందా? చెల్లించిన తేదీ, మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోతోందా? ఇంత చిన్న గొలుసులో ఎక్కడో ఒక లంకె లేకపోతే అదే మీరు అడగాల్సిన ప్రశ్న. ఇలా మూడు ఖర్చులు చూస్తే మీ బిల్డింగ్ ఎలా నడుస్తోందో తెలిసిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలడం కూడా ఫలితమే. మా పాత బిల్డింగ్‌లో అలాగే తేలింది, కమిటీ మీద నాకున్న అనుమానానికి నేనే నవ్వుకున్నాను.

30,000 డాలర్లు దాటే ఖర్చు ఉంటే కనీసం రెండు విడివిడి కొటేషన్లు ఉండాలి. 'విడివిడి' అన్న మాట గమనించండి. రెండు కంపెనీల పేర్లు వేరైనా అడ్రసు ఒకటే ఉన్న కొటేషన్లు నేను చూశాను. ఏడాది బడ్జెట్ 250,000 డాలర్లు దాటినా, వందకు పైగా లాట్లు ఉన్నా లెక్కలకు ఆడిట్ తప్పనిసరి. ఆడిటర్ రిపోర్టు అడిగి చూడండి.

ఇన్సూరెన్స్ కాగితాల దగ్గర కాసేపు ఆగండి. మేనేజర్ మూడు కొటేషన్లు తేవాలి, తేలేకపోతే ఎందుకో రాసివ్వాలి. పాలసీ ఇప్పించినందుకు మేనేజర్‌కి కమిషన్ వస్తే ఏజీఎంలో చెప్పాలి, గడిచిన ఏడాది ఎంత వచ్చింది, వచ్చే ఏడాది ఎంత రావచ్చు అన్నది కూడా. ఆ అంకెని మేనేజ్‌మెంట్ ఫీజు పక్కన పెట్టి చూడండి. కొన్ని బిల్డింగుల్లో ఫీజు తక్కువ ఎందుకో అక్కడ అర్థమవుతుంది.

కాంట్రాక్టుల్లో చివరి తేదీ చూడండి. మేనేజర్ ఒప్పందం, లిఫ్టు, క్లీనింగ్, బిల్డింగ్ మేనేజర్ ఉంటే ఆయనది. ఎప్పుడు ముగుస్తుంది, నోటీసు ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి? ఆ తేదీ దాటాక గోల చేసి లాభం లేదు.

ఇక డిఫెక్ట్ రిపోర్టులు. కొత్త బిల్డింగ్ అయితే మిగతావన్నీ వదిలేసినా ఇవి వదలొద్దు. 2018 క్రిస్మస్ ముందురోజు సిడ్నీ ఒలింపిక్ పార్క్‌లో ఓపల్ టవర్‌లో పగుళ్లు కనిపించి జనాన్ని ఖాళీ చేయించారు. ఆర్నెల్లకి, 2019 జూన్‌లో సిడ్నీలోనే మాస్కాట్ టవర్స్ ఖాళీ చేయించారు. అప్పటినుంచీ ఫ్లాట్లు కొన్నవాళ్లకు బిల్డర్ల మీద నమ్మకం సగమైంది. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది: బిల్డర్ వారంటీ పెద్ద లోపాలకు ఆరేళ్లు, మిగతావాటికి రెండేళ్లు, బిల్డింగ్ పని పూర్తయిన తేదీ నుంచి. 2018 జనవరి 1 తర్వాత కాంట్రాక్టు అయి, నాలుగంతస్తులు, అంతకు పైన ఉన్న బిల్డింగులకు ఇన్‌స్పెక్టర్ ఇంటెరిమ్ (మధ్యంతర) రిపోర్టు పని పూర్తయ్యాక 15 నుంచి 18 నెలల మధ్య, చివరి రిపోర్టు 21 నుంచి 24 నెలల మధ్య రావాలి. ఆ రెండూ ఫైల్లో ఉన్నాయా చూడండి. ఏ లోపాన్ని ఎవరు ఎప్పుడు గుర్తించారు, బిల్డర్‌కి రాశారా లేదా అన్నది తేదీలతో సహా నోట్ చేసుకోండి.

ఇవ్వకపోతే, సాగదీస్తే

సాధారణంగా వినిపించే మాటలు నాలుగైదే. 'కమిటీ అనుమతి కావాలి' అంటారు. అక్కర్లేదు, హక్కు చట్టం నుంచి వచ్చింది. 'ప్రైవసీ' అంటారు. స్ట్రాటా రోల్‌లో పేర్లూ అడ్రసులూ ఉంటాయని తెలిసే చట్టం దాన్ని చూపించమంది. 'పాత మేనేజర్ దగ్గరుండిపోయాయి' అంటారు. తెచ్చుకోవాల్సిన పని ఓనర్స్ కార్పొరేషన్‌దే. 'అన్నీ పోర్టల్‌లో ఉన్నాయి' అంటారు. ఉంటే మంచిదే, లేనివాటి జాబితా మళ్లీ పంపండి. ఓనర్స్ కార్పొరేషన్‌కీ మీకూ మధ్య కేసు నడుస్తూ, వాళ్లు తమ లాయర్ సలహా కాగితాలు ఇవ్వబోమంటే మాత్రం అది వేరే వాదన, అక్కడ మీకూ లాయర్ కావాలి.

పది రోజులు దాటితే సెక్రటరీకి ఇంకో మెయిల్: ఫలానా తేదీన అడిగాను, గడువు దాటింది, ఇంకో వారంలో ఇవ్వకపోతే సెక్షన్ 188 కింద ట్రిబ్యునల్‌కి వెళ్తాను. చాలావరకు ఇక్కడితో ఆగిపోతుంది. సెక్షన్ 188 అంటే, అన్యాయంగా అట్టిపెట్టుకున్న రికార్డులను ఇవ్వమని ఆదేశించే అధికారం. ఆ ట్రిబ్యునల్‌ని అందరూ ఎన్‌క్యాట్ అంటారు. చాలా స్ట్రాటా తగాదాల్లో ముందు మీడియేషన్‌కి (మధ్యవర్తి ముందు రాజీ మాటలకి) వెళ్లాలి. ఫెయిర్ ట్రేడింగ్ ఆ మీడియేషన్ ఉచితంగా చేస్తుంది. మీ విషయంలో అది తప్పనిసరా అని 13 32 20కి ఫోన్ చేసి ముందే అడగండి. అమ్మానాన్నల పేరున ఫ్లాటుంటే, వాళ్లకి ఇంగ్లీషులో మాట్లాడటం టెన్షన్ అయితే, ప్రభుత్వ దుబాసీ సర్వీసు 131 450కి చేసి తెలుగు దుబాసీని అడగండి.

ఎన్‌క్యాట్‌కి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లాల్సింది ఆవేశం కాదు, మూడు కాగితాలు: మీ ఓనర్‌షిప్ రుజువు, మొదటి మెయిల్, రెండో మెయిల్. తేదీలు మాట్లాడతాయి.

చూశాక ఏం చేయాలి

వాట్సాప్ గ్రూపులో 'దొంగలు' అని రాయొద్దు. ఇక్కడ పరువు నష్టం కేసులు నిజంగానే వేస్తారు. పైగా కమిటీలో ఉన్నవాళ్లు కూడా మీలాగే ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట ఊరికే ఆ పని చేస్తున్నవాళ్లు. తప్పు చాలాసార్లు నిర్లక్ష్యమే గానీ కుట్ర కాదు. ముందు సెక్రటరీకి చూసిన కాగితం జతచేసి, 'దీనికి కొటేషన్ దొరకలేదు, ఎక్కడుందో చెప్పగలరా' అని అడగండి.

అప్పటికీ కదలకపోతే మీటింగు. ఏ ఓనరయినా సెక్రటరీకి రాసిచ్చి వచ్చే జనరల్ మీటింగు ఎజెండాలో మోషన్ పెట్టించుకోవచ్చు. అంతదాకా ఆగలేకపోతే, యూనిట్ ఎంటైటిల్‌మెంట్‌లో (బిల్డింగ్‌లో ఒక్కో ఫ్లాటుకి ఉన్న వాటాల మొత్తంలో) కనీసం నాలుగో వంతు ఉన్న ఓనర్లు కలిసి సంతకం పెట్టి మీటింగు పెట్టమని అడగొచ్చు. ఇక్కడే స్ట్రాటా రోల్ పనికొస్తుంది. బిల్డింగ్‌లో ఉండని ఓనర్లు ఎవరు, ఎవరి వాటా ఎంత, వాళ్లకు ఉత్తరం ఎక్కడికి పంపాలి అన్నీ అందులోనే ఉంటాయి.

మా కథకొస్తే, గంటన్నర కూర్చున్నాను, జీఎస్‌టీతో కలిపి 51.70 డాలర్లు తీసుకున్నారు. మూడో ఫైల్లో ఒక ఇంజనీర్ రిపోర్టు కనిపించింది, 22 పేజీలు. గ్రౌండ్ ఫ్లోర్ పూలతొట్ల కింద, నీళ్లు దిగకుండా వేసే మెంబ్రేన్ పొరను బిల్డింగ్ కట్టేటప్పుడే సరిగ్గా వేయలేదని, నీళ్లు అక్కడినుంచే దిగుతున్నాయని రెండున్నరేళ్ల కిందటే రాశాడాయన. బిల్డర్‌కి రాయమని సలహా కూడా ఇచ్చాడు. ఎవరూ రాయలేదు. అప్పటి మేనేజర్ మారిపోయాడు, అప్పటి సెక్రటరీ ఫ్లాటు అమ్ముకుని వెళ్లిపోయాడు, కొత్తవాళ్లకు ఆ ఫైలు ఉందనే తెలియదు. నాకు తొమ్మిది వేల లెవీ కన్నా ఆ రిపోర్టు మీది తేదీయే ఎక్కువ భయపెట్టింది. ఆక్యుపేషన్ సర్టిఫికెట్ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే కాగితం) తేదీ తీసి లెక్కవేస్తే వారంటీ ఆరేళ్లకు ఇంకా ఎనిమిది నెలలే ఉంది.

అది చట్టం దృష్టిలో పెద్ద లోపమో కాదో లాయరే చెప్పాలి. లాయర్‌ని పెట్టాలంటే మీటింగు కావాలి. రెండు వారాలు సాయంత్రాలు తలుపులు కొట్టాను. ఒకరిద్దరు తలుపు తీయకుండానే 'వద్దు' అన్నారు, ఏదో అమ్మడానికి వచ్చాననుకుని. మూడో అంతస్తులో ఉండే ఒక లెబనీస్ పెద్దావిడ రిపోర్టు మొత్తం నా ఎదుటే చదివి, సంతకం పెట్టి, ఇంకో ముగ్గురి దగ్గరికి తనే తీసుకెళ్లింది. నాలుగో వంతుకి కాస్త ఎక్కువే వచ్చింది. మీటింగులో మోషన్ నెగ్గింది. గడువుకి ఐదు వారాల ముందు మా లాయర్ బిల్డర్ మీద క్లెయిం వేశాడు.

స్పెషల్ లెవీ మొదటి వాయిదా మేం కట్టాం, నీళ్లు ఆగాలి కదా. రెండో వాయిదాను తర్వాతి మీటింగులో ఆపారు. ఆ 22 పేజీల రిపోర్టు ఇప్పుడు ఓనర్ల పోర్టల్‌లో మొదటి ఫైలు.